నీడేది

ఖాజాగూడ గుట్ట మీద నాలుగూ ఇరవై.
మే నెల. రాళ్లు ఇంకా పొయ్యి దిగలేదు.
గ్రానైట్ మీద జారకుండా
ట్రైపాడ్ మూడో కాలికి సైకిల్ ట్యూబు చుట్టాను.

బ్రోషర్ వాళ్లు అడిగింది వినడానికి సులువే.
ఆకాశం నీలంగా ఉండాలి,
గుండ్లు బంగారంలా ఉండాలి,
వెనక రాయదుర్గం అద్దాల మేడలు మెరవాలి,
ఏదీ కాలిపోకూడదు, ఏదీ మునిగిపోకూడదు.

కంటికి ఇదెంత పని!
మబ్బును చూసి రెప్ప దించేలోగా
రాతి పగులులో తొండను పట్టేస్తుంది.
కెమెరా ఒకర్ని పలకరిస్తే ఇంకొకర్ని మరిచిపోయే రకం.
అందుకే మూడుసార్లు అడగాలి.

మొదటిసారి, చీకటిగా.
మబ్బు అంచు ఉతికి ఆరేసిన పంచెలా తేరింది,
కింద గుట్టంతా బొగ్గు.
రెండోసారి మధ్యస్థంగా,
ఎవరికీ కోపం రాని మాటలా.
మూడోసారి షట్టర్‌ను నింపాదిగా తెరిచాను.
ఆకాశానికి సున్నం కొట్టేసినట్టయింది,
మేడలు పోయాయి, క్రేను పోయింది,
రెండు గుండ్ల సందులో మాత్రం
ఒక కాలి కడియం.

వేళ్లతో పెద్దది చేసి చూశాను.
కడియం, దానిపైన మోకాలు,
మోకాలి మీద టిఫిను గిన్నె మూత,
ఒక మనిషి.
అరగంటగా పది గజాల దూరంలో ఉంది.
కన్ను గురించి అంత గొప్పలు పోయినవాణ్ణి.

పేరు బుచ్చవ్వ.
గుట్టలెక్కేవాళ్లు పారేసిన నీళ్ల సీసాలు ఏరుతుంది.
కిలోకి ఎంతొస్తుందో నేనడక్కుండానే చెప్పి
"ఫొటోకు నీకెంతిస్తరు?" అంది.
సగం తగ్గించి చెప్పాను.

గొడుగు కింద లాప్‌టాప్ తెరిచాను.
ఫ్యాను కుక్కలా రొప్పుతోంది.
మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే
గాలికి ఊగిన వేపకొమ్మ మూడు కొమ్మలైంది,
ఒక్క గద్ద మూడు చోట్ల ఎగిరింది.
దయ్యాలను తీసెయ్యాలా అని అడుగుతుంది సాఫ్ట్‌వేర్,
అచ్చంగా ఆ మాటతోనే.
తీసెయ్యి అన్నాను. రెండు గద్దలు పోయాయి.
తర్వాత షాడోస్ అనే స్లైడర్‌ను కుడికి లాగాను.
గుండు కింద నలుపు బూడిదైంది,
బూడిదలోంచి పాచి, చీమల బారు,
బుచ్చవ్వ కొంగు మీద వెలిసిన పువ్వులు,
అన్నీ బయటికొచ్చి నిలబడ్డాయి
పెళ్లి వీడియో లైటు పడ్డ చుట్టాల్లా.

నాకు నచ్చింది. ఆమెకు చూపించాను.
చాలాసేపు చూసింది.
తెరను తాకకుండా వేలు పైపైన తిప్పి
"గిది నేనేనా?" అంది.
"నువ్వే."
"మరి నీడేది?"

నాకు అందలేదు.

"పొద్దుగాల ఏడు గొట్టంగ ఎక్కిన బిడ్డా.
గుట్ట మొత్తంల గీ సందొక్కటే సల్లగుంటది.
పన్నెండింటి సంది
అదెటు జరిగితె నేనటు జరిగిన.
నువ్వు దాన్ని తీసి పక్కకు పెట్టినవ్,
నన్ను ఎండల కూసోబెట్టినవ్."

అది ఎండ కాదవ్వా, వివరం, అనబోయి
ఆ మాట దగ్గరే ఆగిపోయాను.
పదకొండేళ్లుగా లాగుతున్న స్లైడర్ అది.
దాని మీద రాసినదాన్ని
ఒక్కసారైనా తెలుగులో చదువుకోలేదు.

వెనక్కి లాగాను.
ముందు పాచి పోయింది, చీమలు పోయాయి,
కొంగు పువ్వులు పోయాయి, ముఖం పోయింది.
కడియం దగ్గర చెయ్యి తటపటాయించింది.
"ఆఁ, గంత సాలు" అంది బుచ్చవ్వ.
సీసాల సంచి భుజానికెత్తుకుని
నీడ జరిగిన వైపుకి తనూ జరిగింది.

బ్రోషర్‌కు మాత్రం ముందుదే పంపాను.
ట్రైపాడ్‌కి కొత్త కాలు కావాలి.
నాలుగో పేజీలో, ఈతకొలను బొమ్మ పైన,
ఆమె ఎండలోనే కూర్చుని ఉంది, కామా అంత.

రెండోది నా దగ్గరుంది.
చూసినవాళ్లు ఇందులో ఏముంది అంటారు.
కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో
దాన్ని తెరిచి
ఆ నల్లటి చోట అరచేయి ఆనిస్తాను.